చింతకొమ్మ మీద కొంగ, కొండ మీద గాలిమర

హిందూపురం దగ్గర చిలమత్తూరు మండలం వీరాపురంలో ఏటా సంక్రాంతి దాటాక చింతచెట్ల కొమ్మలు కొంగలతో తెల్లబడతాయి. పసుపు ముక్కు, రెక్కల అంచున నలుపు, తోక దగ్గర గులాబీ రంగు. జనం సైబీరియా పక్షులని పిలుచుకునే ఇవి నిజానికి మన దేశపు ఎర్రకాళ్ల కొంగలే. గూళ్లు కట్టి, పిల్లల్ని సాకి, వానాకాలంలో వెళ్లిపోతాయి. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకుంటుంది ఆ ఊరు.

అక్కణ్ణుంచి పెనుకొండ దాటి ధర్మవరం వైపు సాగితే రామగిరి కొండల మీద గాలిమరలు. 1990లలోనే అక్కడ తిరగడం మొదలుపెట్టాయి. పడమటి కనుమల్లోనే వాన చాలావరకు కురిపించేసి వచ్చే నైరుతి గాలి రాయలసీమకు తడి పెద్దగా తేదు గానీ ఊపు తెస్తుంది. ఆ ఊపే కరెంటు.

మరల వల్ల పక్షులకేమవుతుందన్న ప్రశ్న కొత్తది కాదు. డెన్మార్క్ 1991లో విండెబీ దగ్గర సముద్రంలో 11 మరలు నిలిపింది. సముద్రపక్షుల సంగతేమిటని యూరప్ అప్పటినుంచీ తర్జనభర్జన పడుతోంది. మనకిక్కడ సముద్రం లేదు, కొండలూ కొంగలూ ఉన్నాయి.

కొంగ రెక్కలు కొట్టుకుంటూ దూరాలు పోదు. ఎండకు కాగిన నేల నుంచి లేచే వేడిగాలిలో రెక్కలు చాచి, చుట్లు తిరుగుతూ పైకెక్కి, అక్కణ్ణుంచి జారుకుంటూ చెరువు చేరుతుంది. మీటరున్నర రెక్కల పక్షి చటుక్కున పక్కకు మళ్లలేదు. మనకు నిదానంగా తిరుగుతున్నట్టు కనిపించే పెద్ద మర రెక్క కొస వేగం గంటకు 250 కిలోమీటర్లు దాటుతుంది. దగ్గరికొచ్చేసరికి పక్షి కంటికి అది ఉత్త మసక. రాబందులైతే మేత కోసం తల వంచి ఎగిరేటప్పుడు ఎదుట ఏముందో చూడలేవు. కరెంటు తీగలు మరో గండం.

సతారా దగ్గరి చాల్కేవాడి పీఠభూమి మీద బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. మరలు లేనిచోటితో పోలిస్తే మరలున్నచోట వేటాడే పక్షులు దాదాపు నాలుగో వంతే ఉన్నాయి, అవి తినే తొండలు పెరిగాయి. పక్షి చావకపోయినా చోటు వదిలేస్తుందన్నమాట.

అలాగని మరలు పీకెయ్యనక్కర్లేదు. స్పెయిన్‌లోని తరీఫాలో మనుషుల్ని కాపలా పెట్టి, రాబందులు దగ్గరికొస్తే ఆ మరను మాత్రం ఆపించారు. చావులు సగానికి తగ్గాయి. పోయిన కరెంటు 0.07 శాతం, అంటే వెయ్యి యూనిట్లలో ఒక్కటి కూడా కాదు. నార్వేలోని స్మోలాలో నాలుగు మరలకు ఒక్కో రెక్కకు నల్లరంగు పూస్తే పక్షుల చావులు 70 శాతం తగ్గాయి.

మన సీమకు తరీఫా దారే నప్పుతుందని నా నమ్మకం. గాలి వేగం సగమైతే కరెంటు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కొంగలు పిల్లలకు మేత మోసే మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో వేడిగాలి జోరుగా లేస్తుంది. మరలకు అసలైన గాలి అందేది నైరుతి వచ్చాకే. ఆ ఎండాకాలపు గంటల్లో కాసేపు ఆపితే పోయేది కొద్దే.

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో పవన విద్యుత్తు లేదు. దాన్ని చేర్చాలి. కొత్త మర నిలిపే ముందు ఒక గూళ్ల కాలమంతా కొంగల దారులు గమనించాలి. నిలిపాక మర కింద రోజూ వెతికించాలి, లేకపోతే పడిన పక్షిని తెల్లారేలోగా కుక్కలో నక్కలో లాక్కుపోతాయి. మీరు అటువైపు వెళ్లినప్పుడు మర కిందో తీగల కిందో పక్షి పడి కనిపిస్తే ఫొటో తీసి, తేదీ, చోటు రాసి అటవీ శాఖకు అందజేయండి.