వెతికింది ఒకటి, వచ్చింది ఇంకొకటి!



సైన్స్ ప్రాజెక్ట్ కోసం పిల్లలు గూగుల్‌లో 'మెర్క్యురీ' అని టైప్ చేస్తే గ్రహం, పాదరసం, ఫ్రెడ్డీ మెర్క్యురీ అనే గాయకుడి ఫొటోలు అన్నీ కలిసి వస్తాయి. సెర్చ్ ఇంజిన్‌కు మాట తెలుసు, మన పిల్లల పాఠం తెలియదు. చూడకుండా కాపీ చేస్తే గ్రహం చార్టులోకి ద్రవలోహం వచ్చి చేరుతుంది.

ఇక్కడ మన తెలుగు సాయపడుతుంది. మనకు బుధుడు వేరు, పాదరసం వేరు. అందుకే వెతికే ముందు "నీకు కావలసింది ఏది? తెలుగులో చెప్పు" అని అడగండి. తర్వాత 'మెర్క్యురీ ప్లానెట్' అని టైప్ చేయించండి. దొరికిన విషయాన్ని పాఠ్యపుస్తకంతో సరిచూడమనండి.

సూర్యుణ్ణి 88 రోజుల్లో చుట్టేది బుధుడు. పాత థర్మామీటర్లలో మెరిసేది పాదరసం. ఈ తేడా సొంత మాటల్లో చెప్పగలిగితే, ఆ ప్రాజెక్ట్ నిజంగా పిల్లలు చేసినట్టే.