అష్టాచెమ్మాలో కావాలని ఓడిన పిల్ల

ఆ ఇంటి యజమానురాలికి అష్టాచెమ్మాలో ఓడిపోవడం అస్సలు గిట్టదు. ఎదురుగా కూర్చున్న పనిపిల్లకు ఆ సంగతి తెలుసు కాబట్టి కావాలనే ఓడిపోతుంది. అలా మెప్పు సంపాదించి అమ్మగారి దగ్గర మొదట సంగీతం, తర్వాత కూచిపూడి నేర్చుకుంటుంది. 2006లో వచ్చిన ‘వనజ’ సినిమాలో కథానాయిక ఎంత గడుసుదో చెప్పడానికి ఈ ఒక్క ఆట చాలు.

వనజకు పదిహేనేళ్లు. కోస్తా పల్లెలో అప్పుల్లో కూరుకుపోతున్న జాలరి కూతురు. బుర్రకథ చూడబోయిన చోట, గొప్ప నర్తకివవుతావని ఎవరో జోస్యం చెబుతారు. ఆ మాట పట్టుకుని జమీందారిణి రమాదేవి లోగిట్లో పనికి కుదురుతుంది. మొదట అప్పజెప్పింది కోళ్ల పని. నాట్యం పట్టుబడుతున్న వేళ, అమెరికా నుంచి ఆ ఇంటి కొడుకు శేఖర్ వస్తాడు, ఊరి ఎన్నికల్లో నిలబడాలని. అతను చేసిన అత్యాచారంతో వనజ గర్భవతి అవుతుంది. ఆ బిడ్డ ఎవరికి దక్కాలన్న దగ్గర కులం, డబ్బు, పలుకుబడి అన్నీ ఆమెకు ఎదురు నిలుస్తాయి.

ఇలాంటి కథను మన తెరమీద కన్నీళ్లతో నింపెయ్యడం అలవాటు. ఈ సినిమా ఆ పని చెయ్యలేదు. వనజ అల్లరి చేస్తుంది, పెద్దలకు ఎదురు చెబుతుంది, లెక్కలు వేస్తుంది, ఆ లెక్కలు తప్పి దెబ్బతింటుంది. అంత జరిగాక కూడా ఆమెలో పసితనం పూర్తిగా పోదు. అన్యాయానికి గురైన పిల్లను జాలిబొమ్మగా మార్చకుండా మనిషిగా చూపించడం దీని గొప్పతనం.

దర్శకుడు రజ్నేష్ దోమలపల్లి ఇంజనీరు. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో సినిమా చదువుకుంటూ, ఆ డిగ్రీ కోసమే దీన్ని తీశారు. పేరున్న తారలు లేరు. నటించినవాళ్లలో ఎక్కువమందికి కెమెరా కొత్త. వనజగా చేసిన మమత భూక్యా ఈ పాత్ర కోసమే కూచిపూడి నేర్చుకుంది. తెరమీద ఆమె ఆడుతుంటే ఆ మాట నమ్మడం కష్టం.

ఈ సినిమాను టొరంటో చిత్రోత్సవంలో ప్రదర్శించాక, 2007లో బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ తొలిచిత్రంగా బహుమతి దక్కింది. అమెరికా విమర్శకుడు రోజర్ ఈబర్ట్ నాలుగుకు నాలుగు నక్షత్రాలూ ఇచ్చారు. అచ్చంగా తెలుగులో మాట్లాడే సినిమా ఇది. అయినా మనలో చాలామందికి దీని పేరే తెలియదు.

కోనసీమవాళ్లకైతే ఈ కథ మరీ దగ్గరిది. అంతర్వేదిలోనో ఓడలరేవులోనో పుట్టిన పిల్లకు వనజ ఇంటి కష్టం కొత్త కాదు. రాజోలు, అమలాపురం ప్రాంతాల నుంచి ఎందరో ఆడవాళ్లు ఇళ్లలో పనికని గల్ఫ్ వెళ్లారు. యజమాని గడప లోపల మాట పెగలని పరిస్థితి ఎలా ఉంటుందో ఆ కుటుంబాలకు బాగా తెలుసు.

పిల్లలపై లైంగిక నేరాలకు ప్రత్యేకంగా పోక్సో చట్టం వచ్చింది 2012లో, ఈ సినిమా వచ్చిన ఆరేళ్లకు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరూ ఉంది. కానీ నోరు విప్పిన పిల్లను ముందు ఇంట్లోవాళ్లు నమ్మాలి. అమలాపురం, రాజోలు, కొత్తపేట కళాశాలల్లో అధ్యాపకులు ఒక్క పూట కేటాయించి ‘వనజ’ను పెద్ద విద్యార్థులకు చూపించాలి, తల్లిదండ్రులనూ పిలిచి పక్కన కూర్చోబెట్టాలి.