చలిజ్వరానికి పెద్ద మిషన్‌ కాదు... రక్తపు చుక్క చాలు

వానాకాలం రాగానే మా బాన్సువాడలో జ్వరాలతో వచ్చేవాళ్లు పెరుగుతారు. ‘పెద్ద మిషన్‌ పరీక్ష రాయండి సార్‌’ అని అడిగేవాళ్లూ ఉంటారు. కణం లోపలికి తొంగిచూసే ఎక్స్‌రే మైక్రోస్కోప్‌ నిజంగానే ఉంది. అది మీ జ్వరానికి అవసరమా? చూద్దాం.

రాస్‌ చూసిన నల్ల రేణువులు

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్‌ రాస్‌ దోమ పొట్ట గోడలో నల్లటి రేణువులున్న కణాలను మామూలు మైక్రోస్కోప్‌తోనే గుర్తించారు. దోమకూ మలేరియాకూ ఉన్న లంకె అలా బయటపడింది. ఇంతకీ ఆ నలుపేమిటి? మలేరియా పరాన్నజీవి మన హిమోగ్లోబిన్‌ను తింటుంది. అందులో మిగిలే హీమ్‌ దానికే విషం. అందుకే దాన్ని హీమోజోయిన్‌ అనే స్ఫటికాలుగా మార్చేస్తుంది. క్లోరోక్విన్‌ అడ్డుకునేది ఈ పనినే.

ఎక్స్‌రే ఏం చూపుతుంది?

మామూలు మైక్రోస్కోప్‌ దాదాపు 200 నానోమీటర్ల కన్నా సన్నని వివరాలను విడదీసి చూపలేదు. ఎక్స్‌రే మైక్రోస్కోప్‌ 50 నానోమీటర్ల స్థాయికి వెళ్తుంది. ఇందులో వాడే 2.3-4.4 నానోమీటర్ల ఎక్స్‌రేలు నీటిని చాలావరకు దాటిపోతాయి, కార్బన్‌ ఉండే ప్రోటీన్లు, కొవ్వుల దగ్గర ఆగిపోతాయి. దీంతో రంగు అద్దకుండా, ముక్కలు కోయకుండా కణం లోపలి భాగాలు కనిపిస్తాయి. రాస్‌ పరిశోధన జరిగిన వందేళ్లకు, 1997లో, అమెరికాలోని బర్క్‌లీ శాస్త్రవేత్తలు మలేరియా సోకిన ఎర్ర రక్తకణాలను ఇలాగే చిత్రించారు.

మరి మీకెందుకు రాయం?

ఈ ఎక్స్‌రేలు ఎక్కువగా సింక్రోట్రాన్‌ అనే భారీ యంత్రం నుంచి వస్తాయి. మన దేశంలో ఇండోర్‌లోని ఇండస్‌-2 అలాంటిదే. ఆ మోతాదుకు బతికున్న కణం దెబ్బతింటుంది. అందుకే నమూనాను గడ్డకట్టించి చూస్తారు. ఇది పరిశోధనకే తప్ప రోగికి చేసే పరీక్ష కాదు. ఛాతీ ఎక్స్‌రేలోనూ మలేరియా క్రిమి కనిపించదు.

ఇవి పాటించండి

* చలి, వణుకుతో జ్వరం వస్తే మలేరియా మాత్రలు వేసుకోకముందే రక్తపరీక్ష చేయించుకోండి. ప్రభుత్వాసుపత్రిలో ఇది ఉచితం.
* ఒకసారి నెగెటివ్‌ వచ్చినా జ్వరం తగ్గకపోతే మళ్లీ పరీక్ష అవసరం.
* వైవాక్స్‌ రకం కాలేయంలో దాక్కుంటుంది. డాక్టర్‌ 14 రోజుల ప్రైమాక్విన్‌ రాస్తే, జ్వరం తగ్గిందని మధ్యలో ఆపొద్దు. గర్భిణులకు ఈ మాత్ర ఇవ్వరు, ముందే చెప్పండి.
* మగత, ఫిట్స్‌, ఆయాసం, కామెర్లు, మూత్రం తగ్గడం... వీటిలో ఏది కనిపించినా రాత్రయినా సరే ఆసుపత్రికి రండి. ఫాల్సిపారం రకం ప్రాణం మీదికి తెస్తుంది.

- జనరల్‌ ఫిజీషియన్‌, ప్రభుత్వాసుపత్రి, బాన్సువాడ