ఇసుకను కడుగు సముద్రపు దోసకాయ

సముద్రపు చేపలను, పగడములను గాజుతొట్టిలో పెంచువారికి మొదటి కొన్ని నెలలు సంతోషముగా గడచును. అడుగున పరచిన తెల్లని ఇసుక మెరయుచుండును. పిదప దానిపై గోధుమరంగు పొర పేరుకొనును. చేపలు వదలిన మేత, వాటి మలము, సూక్ష్మ శైవలములు, బాక్టీరియా కలిసి ఏర్పడిన పొర అది. పుల్లతో కెలికినచో మురికి పైకి లేచి పగడములపై పడును. అందుచే అమెరికా, ఐరోపా దేశములలో కొందరు పెంపకందారులు ఈ పనికి ఒక జంతువునే నియమించుదురు. అదియే సముద్రపు దోసకాయ.

పేరు విని పప్పులో వేయు పసుపుపచ్చని గుండ్రని దోసకాయను తలచరాదు. ఇది కీరదోసవలె పొడవైనది, మెత్తనిది. సముద్ర నక్షత్రమునకు దగ్గరి చుట్టము. తల లేదు, మెదడు లేదు. నోటిచుట్టు స్పర్శకములు వలయముగా నుండును. ఊపిరి తీయు పద్ధతి మరింత వింత: మలద్వారముగుండా నీటిని పీల్చి, శరీరములో చెట్టుకొమ్మలవలె చీలియున్న గొట్టములలోనికి పంపును.

ఇది మురికిని ఏరుకొని తినదు. స్పర్శకములతో ఇసుకనే నోటిలోనికి త్రోసికొనును. రేణువుల నంటియున్న బాక్టీరియా, శైవలములు, కుళ్లిన పదార్థము కడుపులో జీర్ణమగును; ఇసుక చిన్నచిన్న కడ్డీలుగా వెలుపలికి వచ్చును. పొలములో వానపాము చేయు పనివంటిదే యిది. ఆస్ట్రేలియాలోని హెరాన్ ద్వీపపు పగడపు దిబ్బపై హోలోథూరియా అట్రా అను నల్లని జాతి ఏటా 64,000 టన్నులకు పైగా ఇసుకను ఇట్లు మ్రింగి విడచునని 2021లో శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. ఫ్రెంచి పోలినేషియాలోని మూరియా ద్వీపమువద్ద ఈ జీవులను తొలగించిన తావులలో పగడములు చాలా హెచ్చుగా చచ్చినవని 2024లో వెల్లడియైనది.

అయితే తిన్నదంతయు మాయము కాదు. కొంత దేహమున చేరును. కొంత అమ్మోనియాగా మరల నీటిలో కలియును. ఇది యున్నదిగదా యని నీరు మార్చుట మానినవారు పొరపడినట్లే.

అసలు చిక్కు వేరు. మురికియే దీని కూడు. క్రొత్తగా అమర్చిన తొట్టిలోనో, ఇసుక కొద్దిగా నున్న తొట్టిలోనో విడిచినచో ఇది పస్తులుండును. ఆ సంగతి పైకి తెలియదు. నెలల తరబడి కొద్దికొద్దిగా కృశించి, జానెడున్నది బెత్తెడగును. పిదప ఒకనాడు కనబడదు. ఇసుకలో దాగియున్నదని యజమాని అనుకొనును! సన్నని ఇసుక విశాలముగా పరచి, ఏడాదియైన గడచిన తొట్టిలో ఒక్కదానిని విడుచుట మేలు. నీటి ఉప్పుదనములోని హఠాత్తు మార్పును ఇది ఓర్వలేదు గనుక, తొట్టి నీటిని బొట్టుబొట్టుగా కలిపి అలవాటు చేయవలెను.

దీని చావు చేపలకును ముప్పు కావచ్చును. చాలా జాతుల దేహములో హోలోథూరిన్ అను విషముండును. పసిఫిక్ దీవులవారు వీటిని నలిపి మడుగులలో కలిపి చేపలను పట్టెడివారు. ఆ పనియే తొట్టిలో తెలియకుండ జరుగవచ్చును: రాత్రివేళ గాజుపై ప్రాకుచు నీటిపంపు నోటిలో చిక్కి నలిగినచో తెల్లవారుసరికి చేపలన్నియు తేలును. కావున పంపు నోళ్లకు స్పంజి తొడుగవలెను. ప్రమాదము జరిగినచో చేపలను వెంటనే వేరు నీటిలోనికి మార్చి, తొట్టి నీటిని చాలవరకు పారబోసి, ఉత్తేజిత బొగ్గుతో వడకట్టవలెను. బెదరినపుడు కొన్ని జాతులు జిగురు దారములను, మరికొన్ని తమ ప్రేగులనే వెలుపలికి చిమ్మును. ప్రేగులు కొన్ని వారములకు మరల పెరుగును.

ఎరుపు, ఊదా రంగులతో మెరయు 'సముద్రపు ఆపిల్' కూడ ఈ తరగతిదే. అందము చూచి దానిని కొనువారున్నారు గాని, అది నీటిలో తేలు సూక్ష్మజీవులను పట్టి తినును. ఇసుక జోలికి పోదు. విషమునకు మాత్రము పేరుపడినది.

మన దేశములో ఈ జీవులను తొట్టిలో పెంచు మాట లేదు. మన్నారు సింధుశాఖలో వీటిని పట్టి, ఉడికించి, ఎండబెట్టి తూర్పు దేశములకు పంపెడివారు. సంతతి క్షీణించుటచే 2001లో అన్ని జాతులను వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చిరి. పట్టుట, అమ్ముట, దగ్గర నుంచుకొనుట నేరము. ఇచ్చట ఉప్పునీటి తొట్టి పెట్టుకొన్నవారు మేత తగ్గించి, పైపొరను రబ్బరు గొట్టముతో లాగివేసి, ఇసుకను తామే కడుగుకొనవలెను.