లారీ చిన్నదవుతుంది, ఓడ మునుగుతుంది: ఎందుకు?

ప్రశ్న: భూమి బల్లపరుపుగానే ఉందట. దూరం పోయేకొద్దీ ఏదైనా చిన్నదై మాయమవుతుందట. ఓడ మునిగినట్టు కనబడటం, పొద్దు గుంకడం అన్నీ ఆ పర్‌స్పెక్టివ్ మాయేనట. నిజమేనా?

జవాబు: అందులో సగం నిజమే, అందుకే నమ్మబుద్ధవుతుంది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ తరలివెళ్ళిన బాటసింగారం దగ్గర, విజయవాడ హైవే పక్కన నిలబడి, లోడు దింపి పోతున్న మామిడి లారీని గమనించండి. చదునైన రోడ్డు మీద టైర్లు, డాలా, పైన టార్పాలిన్ అన్నీ ఒకే లెక్కన కుంచించుకుపోతాయి. దూరం రెట్టింపైతే సైజు సగం. పర్‌స్పెక్టివ్ చేసేది అంతే. కింది భాగాన్ని మాత్రమే ఏరి దాచడం దానికి చేతకాదు. టైర్లు ముందు మాయమై టార్పాలిన్ మిగిలిందంటే, లారీ మిట్ట దాటి అవతలికి దిగినట్టే.

అలాగని బాటసింగారంలో భూమి వంపు చూపించమంటే కష్టం. 5 కిలోమీటర్లలో అది వంగేది సుమారు 2 మీటర్లు. మన వైపు ఒక చెరువు కట్టే అంతకంటే ఎత్తుంటుంది. ఇక్కడ కనబడే దిగంతాన్ని గుట్టలు, చెట్లు, అపార్ట్‌మెంట్లే గీస్తాయి.

ఇదే 65వ నంబరు రహదారి పట్టుకుని చివరికంటా పోతే బందరు. మంగినపూడి బీచ్‌లో కన్ను మీటరున్నర ఎత్తున ఉంటే దిగంతం దాదాపు 4.4 కిలోమీటర్ల దూరం. 30 మీటర్ల ఎత్తెక్కితే దాదాపు 20. కిందనుంచి చూస్తే అడుగు మునిగినట్టున్న పడవ, పైకెక్కి చూస్తే మళ్ళీ పూర్తిగా కనబడుతుంది. పైకెక్కినంత మాత్రాన పడవ దగ్గరికి రాదు కదా! మరి ఇందాక మునిగిన దాని అడుగు మళ్ళీ ఎలా తేలింది?

బల్లపరుపు వాదనకు పాత గురువు శామ్యూల్ రోబోథమ్. 1838లో ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్ కాలువలో దిగి, కన్ను నీటికి బాగా దగ్గరగా ఉంచి, దూరంగా పోయే పడవ పూర్తిగా కనిపించిందన్నాడు. నీటిని ఆనుకున్న గాలిలో వెలుగు వంగుతుందన్నది లెక్కలోకి తీసుకోలేదు. 1870లో ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ అదే కాలువ మీద చూపును సుమారు 4 మీటర్లు పైకెత్తి చూశాడు. మధ్యలో అంతే ఎత్తున పాతిన గుర్తు కొసన ఉన్నదానికంటే ఎత్తుగా కనబడింది.

ఇక సూర్యుడు. సుమారు 5,000 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్నాడంటారు బల్లపరుపు వాదులు. సరే, ఒప్పుకుందాం. అప్పుడు 20,000 కిలోమీటర్ల అవతలికి పోయినా ఆకాశంలో 14 డిగ్రీల పైన, అంటే చాచిన చేతి పిడికిలిన్నర ఎత్తున ఉండాలి. నడినెత్తిన ఉన్నప్పటి సైజులో నాలుగో వంతుకు తగ్గాలి. ఏ సాయంత్రమైనా అలా జరిగిందా?

దీన్ని మీ డాబా మీదే తేల్చుకోవచ్చు. అట్టకు సూదితో బెజ్జం పెట్టి, 2 మీటర్ల అవతల తెల్లకాగితాన్ని ఎండకు ఎదురుగా పట్టండి. దాని మీద పడే సూర్యబింబాన్ని మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి పెన్సిలుతో గీయండి. రెండుసార్లూ దాదాపు 19 మిల్లీమీటర్లే వస్తుంది. సూర్యుణ్ణి మాత్రం నేరుగా చూడకండి. బెజ్జంలోంచి అసలే వద్దు.