చేవెళ్ల రోడ్డు మీద ఫోన్: ఐదు సెకన్లలో 83 మీటర్లు

మొయినాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా తాండూరు వైపు వెళ్లే బీజాపూర్ రోడ్డు సంగతి ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. పేరుకు 163వ నంబర్ జాతీయ రహదారి. ఏళ్ల తరబడి చాలాచోట్ల రెండు వరుసలే, మధ్యలో డివైడర్ లేదు, అంచునే పాత మర్రిచెట్లు. 2025 నవంబర్ 3న పొద్దున్నే మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. ఆ ప్రమాదాన్ని ఫోన్‌కు ముడిపెట్టడం సరికాదు. కానీ ఎదురొచ్చే బండి తన వరుస దాటితే ఏమవుతుందో ఆ రోజు అందరూ చూశారు. అదే రోడ్డు మీద ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వాట్సాప్ పట్టుకుని పోయేవాళ్లు ఇప్పటికీ కనబడుతూనే ఉంటారు.

లెక్క వేసి చూస్తే విషయం తెలుస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు దాదాపు 16.6 మీటర్లు పోతుంది. ఒక మెసేజ్ చదవడానికి ఐదు సెకన్లు పట్టిందనుకోండి, 83 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. ఎదుటి బండి కూడా అదే వేగంతో వస్తుంటే, తలెత్తేసరికి రెండింటి మధ్య దూరం 166 మీటర్లు తగ్గిపోయి ఉంటుంది. ఇక బ్రేక్ వేసే టైమ్ ఎక్కడిది?

"నేను చేత్తో పట్టుకోను, ఇయర్‌ఫోన్ పెట్టుకుంటా" అనేవాళ్లు ఉన్నారు. హెల్మెట్‌లో ఫోన్ దోపుకునేవాళ్లకైతే లెక్కే లేదు. చెయ్యి ఖాళీగా ఉన్నా మనసు మాటల్లో ఉంటుంది. కళ్లు రోడ్డు మీదే ఉన్నా ఎదురుగా ఉన్నది బుర్రకెక్కదు. పైగా వెనక హారన్ వినబడదు. డ్రైవింగ్‌లో ఫోన్ వాడేవాళ్లకు ప్రమాదం జరిగే అవకాశం దాదాపు నాలుగు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హ్యాండ్స్‌ఫ్రీ వల్ల అది పెద్దగా తగ్గదని కూడా ఆ సంస్థే చెప్పింది.

చట్టం సంగతికొస్తే, 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, నడుపుతూ చేతిలో ఫోన్ వాడడాన్ని 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగ్‌లో చేర్చారు. మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి ఐదు వేల జరిమానా, లేదా రెండూ. దారి చూసుకోవడానికి మాత్రం, ధ్యాస చెదరకుండా, ఫోన్ వాడొచ్చని 2020లో నిబంధనల్లో చేర్చారు.

చలాన్ కట్టేస్తే అయిపోతుందిలే అనుకోవడం తప్పు. ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్ చనిపోయినవాళ్ల వయసు, ఆదాయం, వాళ్ల మీద ఆధారపడ్డవాళ్ల సంఖ్య చూస్తుంది. బండి నడిపిన మనిషి నిర్లక్ష్యం కూడా ఉందని తేలితే ఆ మేరకు పరిహారం కోసేస్తుంది. సంపాదించే ఒక్క చెయ్యి పోయిన ఇంట్లో ఆ కోత భరించాల్సింది భార్యాపిల్లలే.

ఇంకో మాట ఎవరూ పెద్దగా ఒప్పుకోరు. ఆ టైమ్‌లో ఫోన్ చేసేది చాలాసార్లు ఇంట్లోవాళ్లే. రంజాన్‌లో ఇఫ్తార్‌కు పది నిమిషాల ముందు అమ్మీ ఫోన్: "బేటా, ఎక్కడిదాకా వచ్చావ్?" అటు సౌదీ నుంచి భాయిజాన్‌కు దొరికిన బ్రేక్ టైమ్ కూడా అదే. పిల్లాడు ఎత్తకపోతే మళ్లీ, మళ్లీ రింగ్. ఎత్తకపోతే కోపం! ప్రేమతో చేసే ఫోనే, కానీ అవతల బండి చేవెళ్ల దాటి వస్తోంది. ఖర్జూరం, నీళ్లు బండిలోనే పెట్టి పంపితే ఆ తొందర సగం తగ్గుతుంది.

ఎత్తకపోతే "బండి మీద ఉన్నాడు" అనుకోవాలని ఇంట్లో ముందే చెప్పి పెట్టుకోవచ్చు. చాలా ఫోన్లలో డ్రైవింగ్ మోడ్ ఉంటుంది, అది ఆన్ చేస్తే కాల్స్ విసిగించవు. వెనక ఎవరైనా కూర్చుంటే ఫోన్ వాళ్ల చేతికే ఇవ్వడం మేలు. తప్పదంటే హోటల్ ముందు ఆపి మాట్లాడుకోవాలి. మర్రిచెట్టు కింద రోడ్డంచున మాత్రం కాదు, వెనక వచ్చే లారీకి చీకట్లో అక్కడ ఆగిన బండి కనబడదు.