గుండ్లకమ్మ ఒడ్డున పసిపిల్లలైన పెద్దలు

ఒంగోలు: అది 1878 జూలై 3వ తేదీ. ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ల దూరంలో ఉన్న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ ఒడ్డున జనం కిటకిటలాడారు. ఉదయం ఆరు గంటలకు బోధకులు నీటిలోకి దిగారు. జాబితాలో ఉన్న పేర్లు ఒక్కొక్కటే పిలుస్తున్నారు. పేరు వినబడిన వారు నదిలోకి దిగి, మునిగి లేచి ఒడ్డుకు వస్తున్నారు. ఇద్దరు బోధకులు అలసిపోతే మరో ఇద్దరు వారి స్థానంలోకి వచ్చారు. పదకొండు గంటలకు ఆపి, మధ్యాహ్నం రెండు గంటలకు మళ్లీ మొదలుపెట్టారు. సాయంత్రం ఐదు గంటలకు లెక్క చూస్తే ఆ ఒక్కరోజే బాప్తిస్మం పొందినవారు 2,222 మంది. ముందు రోజు 614 మంది, మర్నాడు 700 మంది. మూడు రోజుల్లో మొత్తం 3,536 మంది.

క్రైస్తవ మిషనరీల చరిత్రలో ఈ సంఘటన ప్రపంచ ప్రసిద్ధి పొందింది. అయితే లెక్కల కన్నా ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. వీరంతా ఎందుకు వచ్చారు? అన్నం కోసమా, నమ్మకం కోసమా?

ధాత కరువు

1876 నుంచి 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించిన క్షామాన్ని మనవాళ్లు ధాత కరువు అంటారు. లక్షలాది మంది ఆకలితో, కలరాతో మరణించారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొర 1866 నుంచి ఒంగోలులో ఉంటున్నారు. మిషనరీ కాకముందు ఆయన సర్వేయరు. ఆ అనుభవంతో ఆయన బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకానికి కంట్రాక్టు తీసుకున్నారు. కులం, మతం చూడకుండా పని అడిగిన వారికల్లా పని ఇచ్చారు. బోధకులే మేస్త్రీలయ్యారు. కూలీలు చెట్ల నీడన సేద తీరే వేళల్లో వారికి ఏసు మాటలు చెప్పేవారు. ప్రయాసపడి బరువు మోసేవారికి విశ్రాంతి దొరుకుతుందన్న మాటను వారు పదేపదే అడిగి చెప్పించుకునేవారట. మట్టి తట్టలు మోసే మనుషులకు ఆ మాట ఎంత దగ్గరగా తోచిందో వేరే చెప్పనక్కరలేదు.

చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ దొర ఒప్పుకోలేదు. కూలి డబ్బులు, సహాయం అందుతున్నంత కాలం ఎవరినీ సంఘంలో చేర్చుకోరాదన్నది ఆయన నిర్ణయం. ఆ ప్రకారం పదిహేను నెలల పాటు ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. గింజల కోసం మతం మారారన్న మాట రాకూడదనే ఆయన ఈ కట్టుబాటు పెట్టుకున్నారు.

బొబ్బలు కట్టిన చేతులు

1878 జూన్ నాటికి కాలువ పని ముగిసింది. పంచడానికి దొర దగ్గర ఇక డబ్బు లేదు. అయినా వేలమంది వెల్లంపల్లికి చేరుకున్నారు. ఒంగోలులో అప్పుడు మశూచి ఉండటం వల్ల జనం అక్కడ గుమికూడటం మంచిది కాదని ఈ చోటు ఎంచుకున్నారు. మీకు ఇచ్చేందుకు నా దగ్గర ఏమీ లేదు, తిరిగి వెళ్లండని ఆయన చెప్పి చూశారు. వారు కదల్లేదు. కాలువ మట్టి తవ్వి బొబ్బలు కట్టిన చేతులు చూపించారు. మేం కష్టపడి బతికినవాళ్లం, ఇకముందు కూడా మీ సొమ్ము అడగం, మళ్లీ కరువొచ్చి చావాల్సి వస్తే క్రైస్తవులుగానే చస్తాం, మమ్మల్ని చేర్చుకోండని వేడుకున్నారు. ఆ మాటతో దొర మెత్తబడ్డారు.

జూలై 3న నదిలో నిలబడి బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు బోధకులే. క్లౌ దొర ఆ రోజు స్వయంగా ఒక్కరికీ ఇవ్వకపోవడం విశేషం. ఆ ఏడాది ముగిసేసరికి బాప్తిస్మం పొందినవారి సంఖ్య 9,606కు చేరింది.

పేరయ్యతో మొదలు

ఈ కథకు అంతకు పుష్కర కాలం ముందే నాంది పడింది. ఒంగోలుకు పడమట తాళ్లకొండపాడు వాస్తవ్యుడైన యర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు. గురువులను ఆశ్రయించి యోగం నేర్చినా ఆయనకు మనశ్శాంతి చిక్కలేదు. తోళ్ల వ్యాపారం మీద గోదావరి ప్రాంతానికి వెళ్లినప్పుడు ఏసు సంగతి విన్నాడు. 1866లో బాప్తిస్మం పొంది, ఊరూరా తిరిగి తన కులస్థులకు ఆ సంగతి చెప్పాడు. 1867 జనవరిలో క్లౌ దొర తాళ్లకొండపాడు వెళ్లగా 28 మంది సంఘంలో చేరారు.

వారికి పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. వినడానికి తేలికే. కానీ ఊరి పెత్తందార్ల కింద బతికే వారికి ఆదివారం పనికి రామని చెప్పడమే పెద్ద సాహసం. ఆ మాటకు దెబ్బలు తిన్నవారూ, కూలి పోగొట్టుకున్నవారూ ఉన్నారు. పేదలను చేర్చుకుంటే మేం రామని ఒంగోలులోని పై కులాల వారు తప్పుకున్నారు. దొర పేదలనే ఎంచుకున్నారు.

పెద్దవాళ్లు పిల్లలైతేనే

బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. తెలివి వచ్చి, నమ్ముతున్నానని తన నోటితో చెప్పినవారికే ఇస్తారు. అలాంటివారే పెద్దలను పసిపిల్లలు కమ్మంటారు. దీనికి మూలం మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ఉంది. పరలోక రాజ్యంలో ఎవరు గొప్ప అని శిష్యులు అడిగితే, ఏసు ఒక చిన్నబిడ్డను పిలిచి వారి నడుమ నిలబెట్టి, ఇలా మారితే తప్ప అందులో ప్రవేశం లేదన్నాడు.

తిరునాళ్ల నుంచి తిరిగి వచ్చేటప్పుడు పిల్లవాడు తండ్రి భుజం మీద నిద్రపోతాడు. దారి ఎటు, ఇల్లు ఇంకెంత దూరం అని అడగడు. వాడికి దారి తెలియదు, తండ్రి తెలుసు. క్రైస్తవులు రక్షణ అనే మాటకు చెప్పే అర్థం ఇదే. అది మనిషి సంపాదించే పుణ్యం కాదు, అడిగిన వాడికి దేవుడిచ్చే దానం. నది నీరు పాపం కడుగుతుందని బాప్టిస్టులు చెప్పరు. మునగడం పాత బతుకు చావుకు, లేవడం కొత్త బతుకుకు గుర్తు మాత్రమే.

పరలోకం మీద ఆశ కూడా అలాంటిదే. కరువులో కన్నబిడ్డలను పాతిపెట్టిన తల్లికి ఆ బిడ్డను మళ్లీ చూస్తానన్న మాట ఎంత ఊరటో ఊహించవచ్చు. ఊరికి దూరంగా నెట్టివేయబడిన వాడకు, ఆ లోకంలో వేరే వాడ లేదన్న మాట ఇంకా పెద్దది.

వచ్చిన వేలమందిలో అందరి మనసులూ ఒక్కలాంటివి కాకపోవచ్చు. కరువు, కులబాధ, చుట్టరికం కూడా వారిని నడిపించి ఉంటాయి. తర్వాత జారిపోయినవారూ ఉన్నారు. కానీ పదిహేను నెలలు వద్దన్నా ఎదురుచూసి, ఇచ్చేదేమీ లేదన్నాక కూడా వచ్చినవారిని అన్నం కోసం వచ్చారనడం న్యాయం కాదు. వారి చేతుల్లో బొబ్బలే తప్ప గింజలు లేవు. పసిబిడ్డ కూడా తండ్రి దగ్గరకు వట్టి చేతులతోనే వెళుతుంది.